నాలుగో కాలు

నుదుట తెల్లటి సుడి, గవ్వ బోర్లించినట్టు.
అందుకే గవ్వ.
కంచరపాలెం బ్యాండుమేళం వాళ్ళు అమ్మేసినప్పుడు
దానికి ఇంకేదో పేరుండేది, మహారాణో ఏదో.
ఆ పేరుకి అది ఒక్కసారీ చెవి తిప్పలేదు.

దొంగది.
నా భుజం మీది తువ్వాలు తనదే అనుకుంటుంది.
మురీమిక్చరు బండి ఎర్నాయుడు
నిమ్మకాయ కోసి పక్కకి తిరిగాడంటే సగం చెక్క మాయం.
ఆనక పై పెదవి ఆకాశానికి మడిచి
పళ్ళన్నీ బయటపెట్టి నిలబడుతుంది,
పులుపంతా మనదే తప్పన్నట్టు.

మూడు కాళ్ళు ఇచ్చేది.
ముందరివి రెండూ అడక్కముందే,
వెనక కుడిది కాస్త బతిమాలించుకుని.
మూడింటి లాడాలూ ఊడదీశాం.
నాలుగోది మాత్రం అదే ఎక్కడో పారేసుకొచ్చింది.
ఆ ఎడం కాలి మీదకి చెయ్యి జారిందంటే చాలు,
నేను జోడుగుళ్ళపాలెం ఇసకలో వెల్లకిలా పడి
నేవీ హెలికాప్టర్లు లెక్కపెట్టుకునేదాన్ని.

పెదవికి తాడు మెలిపెట్టు, కాలు కట్టేయి,
అన్నారు బీచిలో గుర్రాలు తిప్పే కుర్రాళ్ళు.
సుభానీ తాత బీడీ ఆర్పి
"ఒగ్గీయే గుంటా, తాడొగ్గీ" అన్నాడు.
నలభై ఏళ్ళు లాడాలు కొట్టిన చేతులవి.
ఇప్పుడు ఊడదీయడం నేర్పుతున్నాయి నాకు.

ఒగ్గేశాను.
అది పోయి సముద్రం వేపు మొహం పెట్టింది.
నేను దానికి వీపు పెట్టాను.
ఇలా ఎన్ని పొద్దులో.
వల లాగేవాళ్ళు నన్ను చూసి
పైడిరత్నానికి గాలి సోకిందనుకున్నారు.
అది ఒకడుగు వేస్తే నేనొకడుగు వెనక్కి.
అది చూస్తే నేను చూపు దించేదాన్ని.
చెయ్యి వేయడం ఎవరికైనా వస్తుంది.
ఎప్పుడు తీయాలో గుర్రమే చెప్పాలి.

పదకొండో రోజనుకుంటా,
మెడ వెనక వెచ్చగా, గడ్డి వాసనతో ఊపిరి.
తిరగలేదు.
అది నా జడ నమిలింది.

కాలు మాత్రం ఇంకా ఇవ్వలేదు.
వాన వెలిసిన ఒక మధ్యాహ్నం
వేళ్ళు మోకాలి దాకా వెళ్ళాయి,
అది వణికింది, తీసేశాను.
మళ్ళీ. మళ్ళీ తీసేశాను.
విసుగొచ్చి కూలబడబోతుంటే
దానంతటదే గిట్ట మొన నేలకానించి
ఒళ్ళు పక్కకి వాల్చింది,
సరే చూడు, అన్నట్టు.

అరచేతిలో గిట్ట.
మట్టి గోకితే లోపల మూడు మూలల మెత్తని చోటు,
తాత దాన్ని పుత్లీ అంటాడు,
కుళ్ళు వాసన వేస్తోంది.
పక్క గోడలో, ప్రాణమున్న చోటికి వెంట్రుకవాసి దూరంలో
విరిగిన మేకు, తుప్పు పట్టి.
ముహూర్తం మించిపోతోందని
ఎవరో తొందరగా కొట్టిన మేకు.

తాత పటకారుతో లాగాడు.
నేను మైలుతుత్తం నీళ్ళతో కడిగి
వేపనూనె దూది అద్దాను.
దాని చెవులు రెండూ నా మీదే ఉన్నాయి.

గిట్ట చుట్టూ ఒక గీత, వేలికి తగిలే గట్టులా.
"ఆకలికో బెదురుకో అలా పడతాది.
గోరు లాంటిదే గదా, పైనుంచి దిగుతాది.
బేగి పడకు, ఏడాది."

ఏడాది చూశాను.
బాణాసంచా, జనరేటరు మోత,
వీపు మీద ఎవరో కొత్త పెళ్ళికొడుకు భయం,
అన్నీ కలిసి ఒక గీత,
నెలకో వడ్లగింజంత దిగేది.
ఆరు వారాలకోసారి నేను ఆకురాయి తీసేదాన్ని.
గవ్వ దాని పిడి పళ్ళతో లాగి ఇసకలోకి విసిరేది.
నేను వెళ్ళి తెచ్చుకునేదాన్ని.
మళ్ళీ విసిరేది.
ఇంతకీ ఎవరికి ఎవరు నేర్పుతున్నట్టు?

మొన్న ఆదివారం గీత నేలకి చేరింది.
కత్తి పెట్టాను.
నెలవంకంత ముక్క రాలిపడింది.
ఏదో ఒక మాట అనాలనిపించింది.
ఈలోగా ఎర్నాయుడి కుక్క వచ్చి
దాన్ని నోట కరుచుకుని
పడవల వేపు పరుగో పరుగు.

వెనకే గవ్వ,
నాలుగు కాళ్ళూ సమంగా వేస్తూ,
తడి ఇసక మీద ఇనుము చప్పుడు లేకుండా.
నా తువ్వాలు దాని నోట్లోనే ఉంది.